మార్చుకోగల తారీఖు

ఆగమ్మకు ముప్ఫై ఏళ్లు నిండిన ఏడాది కాళ్లలో నరాలు ఉబ్బడం మొదలైంది. మోకాళ్ల కింద నీలంగా, మెలికలు తిరిగి, చర్మం పైకి తేలాయి. సాయంత్రానికి పాదాలు చెప్పుల్లో పట్టేవి కావు.

ఇస్నాపూర్ పక్కనున్న మందుల కంపెనీలో ఆమెది ప్యాకింగ్ పని. బెల్టు మీద మాత్రల పట్టీలు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. ఎక్కడైనా ఖాళీ గుంట కనిపిస్తే, విరిగిన మాత్ర కనిపిస్తే, ఆ పట్టీని ఏరి పక్కన పెట్టాలి. పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం ఐదు దాకా నిలబడే చెయ్యాలి. కూర్చుంటే పట్టీలు సరిగ్గా కనిపించవని కంపెనీ వాళ్లు అక్కడ స్టూలు కూడా వెయ్యలేదు.

ఆ ఉద్యోగం నిజానికి ఆమె భర్త నర్సింహది. మామగారి కాలంలో మూడెకరాల చెలక భూమి కంపెనీ కిందికి పోతే, ఇంటికొక ఉద్యోగం అన్న లెక్కన నర్సింహ చేరాడు. తొంభై ఆరులో డ్యూటీ దిగి సైకిల్ మీద హైవే దాటుతుండగా లారీ గుద్ది చనిపోయాడు. నాలుగేళ్ల చంద్రకళను చంకనేసుకుని గేటు ముందు నిలబడ్డ ఆగమ్మకు కంపెనీ వాళ్లు ఆ ఉద్యోగం ఇచ్చారు. ఇంట్లో అత్త రాజవ్వ, బిడ్డ చంద్రకళ, తను. మరిది కొమురయ్య పటాన్‌చెరులో కిరాయి ఇంట్లో వేరు కాపురం ఉండేవాడు.

ఆగమ్మ పుట్టింది ఇస్మాయిల్‌ఖాన్‌పేట దగ్గరి పల్లెలో. వరుసగా ఐదో ఆడపిల్ల. ఇకనైనా ఆడపిల్లలు ఆగాలని ఆ పేరు పెట్టారు. చదువులో చురుకైనదే కాని తొమ్మిదో తరగతి దగ్గర బడి మాన్పించి, పదిహేడో ఏట పెళ్లి చేశారు.

ప్యాకింగ్ హాలు చివర ఒక అద్దాల గది ఉండేది. అందులో నాలుగు కుర్చీలు, నాలుగు బల్లలు. అక్కడ కూర్చున్న ఆడవాళ్లు ఏ బ్యాచ్‌లో ఎన్ని పట్టీలు వచ్చాయో, ఎన్ని పోయాయో రిజిస్టర్లలో రాస్తుంటారు. కాళ్లు చూసిన ఈఎస్‌ఐ డాక్టరు ఎక్కువసేపు నిలబడే పని మానుకోమన్నప్పుడు ఆగమ్మకు ఆ గదే గుర్తుకొచ్చింది. వెళ్లి షిఫ్ట్ ఇన్‌ఛార్జి నరసరాజును అడిగింది. ఆయన భీమవరం వైపు మనిషి. గొంతు పెంచి ఎవరినీ ఒక్క మాట అనేవాడు కాదు.

"ఆ గదిలోకి డిగ్రీ ఉన్నవాళ్లనే తీసుకుంటారు ఆగమ్మా. ఆడిట్ వాళ్లు సర్టిఫికెట్లు అడుగుతారు. మీరు డిగ్రీ తెచ్చుకోండి, నేనే దగ్గరుండి కుర్చీలో కూర్చోబెడతాను," అన్నాడు.

ఇంకొకరైతే అది కాదనడానికి వేసిన మెలిక అనుకునేవారు. ఆగమ్మ దాన్ని మాట కింద తీసుకుంది. ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాస్తే దూరవిద్య విశ్వవిద్యాలయంలో బి.ఎ. చదవొచ్చని తెలుసుకుని, మరుసటి ఏడు ఆ పరీక్ష గట్టెక్కింది. రెండువేల రెండులో చేరింది. చేరిన ఏడాదితో కలిపి ఏడేళ్లలో అన్ని పేపర్లూ పూర్తి చెయ్యాలని రూలు.

చదువు ఎక్కువగా కంపెనీ క్యాంటీన్‌లోనే సాగేది. పది నిమిషాల్లో తిండి ముగించి, మిగిలిన ఇరవై నిమిషాలు కాళ్లు ఎదుటి బెంచీ మీదికి చాపుకుని పుస్తకం తెరిచేది. "అక్కా, కలెక్టరయినంక మమ్ములను యాదుంచుకో," అని పక్క బెల్టు దేవమ్మ నవ్వేది. దేవమ్మదీ ఇస్నాపూరే. ఇద్దరూ ఒకే ఆటోలో వచ్చిపోయేవారు.

ఏటా వేసవిలో పరీక్షలొచ్చేవి. పోస్టులో హాల్‌టికెట్ వచ్చేది. దాని మీద పేపరు పేరు, తారీఖు, టైము అచ్చై ఉండేవి. ఆగమ్మ దాని జిరాక్సు నరసరాజుకిస్తే, ఆయన వెంటనే పరీక్ష సెలవు రాసి సంతకం పెట్టేవాడు. పని ఎంత ఒత్తిడిగా ఉన్నా ఏనాడూ కాదనలేదు. పరీక్ష రోజున రాజవ్వ కోడలికంటే ముందే లేచి పొయ్యి ముట్టించి రొట్టెలు చేసేది. "ఇయ్యాల నా కోడలికి పరీచ్ఛ ఉన్నది," అని వాకిట్లో పోయేవాళ్లను ఆపి మరీ చెప్పేది. ఆ దినం ఎవరూ ఆగమ్మకు పని చెప్పేవారు కాదు.

బస్సెక్కి పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో దిగి, అక్కడి నుంచి సంగారెడ్డి కాలేజీకి పోయేది. హాల్లో బ్యాంకు అటెండర్లు, కానిస్టేబుళ్లు, అంగన్‌వాడీ టీచర్లు, తెల్లజుట్టు వాళ్లూ ఉండేవారు. మూడు గంటలసేపు బెంచీ మీద కూర్చుని రాయడం ఆగమ్మకు ఎంతో హాయిగా ఉండేది. రాసినవాటిలో కొన్ని పోయేవి, మళ్లీ రాసేది. అట్లా పడుతూ లేస్తూ రెండువేల ఏడు చివరికి వచ్చేసరికి మూడే మూడు పేపర్లు మిగిలాయి. ఎన్నిసార్లు రాసినా పోతున్న ఇంగ్లీషు ఒకటి, ప్రభుత్వ పాలన ఒకటి, అర్థశాస్త్రం ఒకటి. గడువు ఇంకా ఒక్క ఏడు ఉంది.

ఆ జనవరిలో విశ్వవిద్యాలయం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఉద్యోగాలు చేసుకునే విద్యార్థుల సౌకర్యం కోసం ఇకమీదట పరీక్షలు కంప్యూటర్ మీద పెడుతున్నారట. ఏడాది పొడుగునా, ఆదివారాలు, పండుగలు తప్ప ఏ రోజైనా, పొద్దునో మధ్యాహ్నమో, ఎవరికి వీలైన టైము వాళ్లే ఇంటర్నెట్‌లో ఎంచుకోవచ్చు. వీలుకాకపోతే మూడు రోజుల ముందు దాకా ఆ తారీఖును మార్చుకోవచ్చు. ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు.

ఆగమ్మ ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. తనలాంటి వాళ్ల గురించి ఎవరో పెద్ద ఆఫీసులో కూర్చుని ఆలోచించారని సంతోషపడింది.

ఇస్నాపూర్ బస్టాపు దగ్గర కమలాకుమారి అని ఒకామె రెండు కంప్యూటర్లతో ఇంటర్నెట్ సెంటర్ నడిపేది. ఆమే ఆగమ్మకు మౌసు పట్టుకోవడం నేర్పింది. మొదట్లో ఆగమ్మ చేతికింద ఆ బాణం గుర్తు తెర మీద ఎక్కడెక్కడికో పరుగెత్తేది. రెండు వారాలు సాయంత్రం పూట పోయి కూర్చుంటే దారికొచ్చింది. ఇంగ్లీషు పేపరుకు ఫిబ్రవరిలో ఒక గురువారం ఎంచుకుంది. తెర మీద ఆ రోజు పచ్చగా మారింది.

ఆ గురువారం సంగారెడ్డి వెళ్లి పరీక్ష రాసింది. అన్నీ సరైన జవాబుకు గుర్తు పెట్టే ప్రశ్నలే. లేచేలోపే తెర మీద మార్కులు పడ్డాయి. నలభై మూడు. పాసు. ఆరేళ్లుగా వేధించిన ఇంగ్లీషు! బయటికొచ్చి కాలేజీ మెట్ల మీద కూర్చుని, ఎవరైనా చూస్తారేమో అన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చింది.

చిక్కు మరుసటి నెలలో వచ్చింది. ప్రభుత్వ పాలన పేపరుకు మార్చి చివర తారీఖు పెట్టుకుని, ఆ కాగితం తీసుకుపోయి నరసరాజు ముందు పెట్టింది. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"ఇది మీరు పెట్టుకున్న తారీఖే కదమ్మా?"

"అవు సార్."

"పోయినసారి నేను పరీక్ష సెలవు రాస్తే పైవాళ్లు అడిగారు. యూనివర్సిటీ వేసిన తారీఖుకైతే సెలవు ఉంది. మనం ఎంచుకున్నది సొంత పని కిందికి వస్తుందట. పైగా ఆ వారం విదేశాల నుంచి ఆడిట్ వాళ్లు వస్తున్నారు. ఎవరికీ సెలవు లేదు. మీకేం, మార్చుకునే వీలుంది కదా. హాయిగా ఇంకో రోజు రాసుకోండి."

ఆ మాటలో తప్పేమీ ఆగమ్మకు కనిపించలేదు. వీలుందన్నది నిజమే. కమలాకుమారి దగ్గరికి పోయి జూన్‌కు మార్పించుకుంది.

జూన్‌లో చంద్రకళకు పాలిటెక్నిక్ కౌన్సెలింగ్ కాగితం వచ్చింది. పదో తరగతి మంచి మార్కులతో పాసైన పిల్ల. హైదరాబాద్‌లో కౌన్సెలింగ్, ఇంటి పెద్దలెవరైనా వెంట రావాలి. తారీఖు చూస్తే ఆగమ్మ పరీక్షకు ముందటి రోజు. రెండు రోజులు వరసగా సెలవు దొరకదని తెలుసు.

"బాబాయిని తోల్కపో బిడ్డా," అంది ఆగమ్మ.

"బాబాయికి ఏం తెలుస్తది? ఏ కాలేజీ రాయాల్నో, ఏ బ్రాంచి తీసుకోవాల్నో... నువ్వే రావాలె." చంద్రకళ తల్లి మొహం చూసి, కాస్త తగ్గి అంది, "అమ్మా, నాది గీ ఒక్కటే దినం. తప్పితే సీటు పోతది. నీది ఎప్పుడన్న రాసుకోవచ్చు గదా."

ఎవరు చెప్పినా వేరు, బిడ్డ చెప్పాక ఇక మాట్లాడడానికేముంది? తారీఖు ఆగస్టుకు జరిగింది. చంద్రకళకు మెదక్‌లో సీటు వచ్చింది, హాస్టల్‌లో చేరింది. ఆగమ్మకు అది నిజంగా పండుగే.

ఆగస్టులో రాజవ్వ కన్ను ఆపరేషన్‌కు దవాఖాన వాళ్లు దినం ఇచ్చారు. కొమురయ్య వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"వదినా, మా కాంట్రాక్టర్ ఒక్క దినం గూడ ఇడ్వడు. అవ్వ పక్కన ఎవరో ఒకరు ఉండాలె గదా. డాక్టర్ ఇచ్చిన తారీఖు జరగది. నీదయితే జరుగుతది."

"ఇప్పటికి రెండుసార్లు జరిపిన కొమురయ్యా."

"ఇంకొక్కసారి జరుపు. ఏమైతది? కంప్యూటరే గదా, ఒక్క నొక్కు నొక్కుతె అయిపాయె."

నులక మంచంలో పడుకున్న రాజవ్వ ఆ మాటలన్నీ విన్నది. "నా కన్ను అట్లనే ఉండనియ్యి బిడ్డా, ఇంకెన్ని దినాలు సూస్త? నీ పరీచ్ఛ రాసుకో," అంది. ఆ మాట విన్నాక ఆగమ్మ అక్కడ ఉండలేక లేచి, నేరుగా కమలాకుమారి దగ్గరికి పోయి అక్టోబర్‌కు మార్పించింది.

ఆ రోజు కమలాకుమారి మౌసు మీద చెయ్యి అట్లాగే పెట్టి అడిగింది, "మల్ల ఎవరేమన్నరు అక్కా?"

"ఎవరు ఏమంటరు? అందరు మంచిగనే చెప్తున్నరు." తెర వంక చూస్తూ, "కమలా, మునుపు వాళ్లే ఒక తారీఖు ఏసి పంపేది. గదే మంచిగుండె. ఎవరన్న అడిగితె కాయితం సూపిస్తుంటి. అడిగినోళ్లు నోరు మూసుకునేది. ఇప్పుడు తారీఖు నాదయింది. నాదంటె ఎవరికి లెక్క?" అంది.

అక్టోబర్‌లో రాసిన ప్రభుత్వ పాలన గట్టెక్కింది. పండుగ దినాల్లో పని తక్కువగా ఉండి నరసరాజు సెలవిచ్చాడు. మిగిలింది ఒక్క అర్థశాస్త్రం. నవంబర్ ఇరవయ్యో తారీఖు పెట్టుకుంది. ఈసారి చదువు కుదిరింది. గిరాకీ, సరఫరా గీతలు ప్యాకింగ్ అట్టల వెనక గీసి గీసి నేర్చుకుంది. అద్దాల గదిలో ఒకామె పెళ్లి చేసుకుని వెళ్లిపోతే నాలుగో కుర్చీ ఖాళీ అయిందని కూడా ఆ రోజుల్లోనే తెలిసింది. నరసరాజే చెప్పాడు, "జనవరి దాకా ఆపుతాను ఆగమ్మా. మీ సర్టిఫికెట్ తెండి చాలు."

పదహారో తారీఖు సాయంత్రం ఆటోలో దేవమ్మ ముడుచుకుని కూర్చుంది. ఇస్నాపూర్‌లో దిగాక చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఇరవై తారీఖు మా అవ్వ సంవత్సరీకం. ఊరికి పోవాలె. సార్‌ను అడిగితే, ఆ దినం ఒక్కరికే సెలవు, ఆగమ్మ ముందే రాసిచ్చిందని అన్నడు. తిథి మళ్ల ఏడాదికి గాని రాదు గదా అక్కా. మా అన్నలు నన్ను ఇంట్లకు రానియ్యరు."

దేవమ్మ తర్వాతి మాట పైకి అనలేదు. అనాల్సిన పని లేదని ఇద్దరికీ తెలుసు. పోయిన ఎండాకాలం ఆగమ్మ కాలు వాచి నడవలేకపోతే, వారం రోజులు తన పట్టీలతో పాటు ఆమె పట్టీలు కూడా ఏరింది ఈ దేవమ్మే.

"పో," అంది ఆగమ్మ. "నాది నేను జరుపుకుంట."

తారీఖు డిసెంబర్ పన్నెండుకు వెళ్లింది. ఆ తర్వాత ఏమైందో ఆగమ్మకే సరిగ్గా తెలియదు. పుస్తకం తెరిస్తే కళ్లు అక్షరాల మీద జారిపోయేవి. గీతలన్నీ ఒకదానిలాగే ఒకటి కనిపించేవి. రోజూ మధ్యాహ్నం క్యాంటీన్‌లో పుస్తకం ముందు పెట్టుకుని, ఈ తారీఖు కూడా ఎవరో వచ్చి అడుగుతారులే అని ఎదురుచూస్తూ కూర్చునేది. ఈసారి ఎవరూ అడగలేదు. నరసరాజు సెలవు రాసిచ్చాడు. కొమురయ్య రాలేదు. చంద్రకళ హాస్టల్ నుంచి ఫోన్ చేసి "మంచిగ రాయి అమ్మా" అంది. పరీక్ష నాలుగు రోజులుందనగా ఆగమ్మ తనే కమలాకుమారి దగ్గరికి పోయింది.

"జెర వెనుకకు జరుపు కమలా. ఏం చదవలే. ఆఖరి వారంలకు ఏస్తే ఈలోపల చదువుకుంట."

కమలాకుమారి వద్దనలేదు. అప్పటికి ఆమెకూ అలవాటైపోయింది. పన్నెండో తారీఖు తీసేసి నెలాఖరు దాకా ఉన్న రోజులు తెరిచింది. సీట్లన్నీ నిండిపోయి తెరంతా ఎర్రగా ఉంది. ఏడాదంతా వాయిదా వేసుకున్న వాళ్లందరూ ఆఖరికి ఒక్కసారే ఎగబడ్డారు. వెతగ్గా వెతగ్గా పదిహేనో తారీఖు పొద్దున ఒక్క సీటు పచ్చగా కనిపించింది. వదిలేసిన పన్నెండో తారీఖును ఆపాటికే ఎవరో తీసేసుకున్నారు.

"అక్కా, ఇదొక్కటే ఉన్నది. ముప్ఫయ్యొకటి దాకా ఇంకేది లేదు."

"గదే నొక్కు," అంది ఆగమ్మ.

పదిహేనుకు సెలవు ఉందా లేదా అని కూడా ఆమె అడగలేదు. పొద్దున బస్సెక్కి సంగారెడ్డి పోయింది. సీటు దొరకక పోతిరెడ్డిపల్లి దాకా నిలబడే ప్రయాణం చేసింది. కంప్యూటర్ ముందు కూర్చున్నాక మొదటి పది ప్రశ్నలు బాగానే చేసింది. తర్వాత నుంచి రెండేసి జవాబులు సరైనవే అనిపించాయి. ఒకదాని మీద గుర్తు పెట్టి, తీసి, ఇంకోదాని మీద పెట్టి, మళ్లీ మొదటిదానికి వచ్చింది. పైన మూల నిమిషాలు తగ్గుతున్నాయి. ఇంకా ఎనిమిది ప్రశ్నలు ఉండగా తెర దానంతటదే మూసుకుపోయింది. మార్కులు పడ్డాయి. ముప్ఫై రెండు. ముప్ఫై ఆరు రావాలి.

పక్కన పర్యవేక్షిస్తున్న అతను కుర్రవాడు. ఓదార్పుగా చెప్పబోయాడు, "పరవాలేదు మేడం, మళ్లీ స్లాట్ బుక్ చేసుకోవచ్చు..." అంతలో తెర మీద ఆమె చేరిన సంవత్సరం చూసి ఆగిపోయాడు.

జనవరి రెండో వారంలో విశ్వవిద్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. గడువు ముగిసినందున ప్రవేశం రద్దయిందని, కావాలంటే మళ్లీ మొదటి సంవత్సరంలో చేరవచ్చని రాశారు. ఆగమ్మ దాన్ని మడిచి పెట్టెలో పెట్టింది. నరసరాజుకు చెప్పక తప్పలేదు.

ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. "అయ్యో, ఒక్క పేపరా! ఏడాదంతా టైముంది కదమ్మా. అంత ముఖ్యమని నాతో ఒక్క మాట గట్టిగా చెప్పి ఉంటే, మార్చిలోనే ఎట్లాగో సర్దేవాణ్ణి కదా," అన్నాడు.

ఆగమ్మ ఆయన మొహంలోకి చూసింది. ఆయన అబద్ధం చెప్పడం లేదు. గట్టిగా చెప్పలేదన్నదీ నిజమే. బెల్టు దగ్గరికి వెళ్లిపోయింది.

నాలుగో కుర్చీలోకి శకుంతల అని సంగారెడ్డి కోమట్ల పిల్ల వచ్చింది. ఇరవై రెండేళ్లు, బి.ఎస్సీ. అందరినీ నవ్వుతూ పలకరించేది. "పెద్దమ్మా, మీ బెల్టులో ఎన్ని పోయినయి?" అని వచ్చి అడిగి, రాసుకుని పోయేది. ఆ పిల్ల మీద కోపం తెచ్చుకోవాలని ఆగమ్మ ఒకటి రెండుసార్లు ప్రయత్నించింది, రాలేదు.

సెలవులకు వచ్చిన చంద్రకళ పెట్టె సర్దుతూ ఆ ఉత్తరం చూసింది. "నా కౌన్సెలింగ్ వల్లనే గదా అమ్మా," అని ఏడ్చింది. "కాదు బిడ్డా, ఎవలి వల్ల కాదు," అని ఆగమ్మ దగ్గరికి తీసుకుంది. కాని అంతకుముందు ఒకనాడు పొయ్యి ముందు రొట్టెలు చేస్తూ, ఆ మాటే తన మనసులోనూ మెదిలింది. ఆ పిల్ల కోసమే కదా, అనుకుంది. అనుకున్నందుకు తనకు తనే భయపడి, చేతిలో పిండి ముద్ద పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయింది. ఆ సంగతి బిడ్డకు చెప్పలేదు, చూపు వచ్చిన కంటితో కోడలి మొహం వెతుకుతున్న రాజవ్వకూ చెప్పలేదు. రాజవ్వ మాత్రం అప్పటి నుంచి వాకిట్లో ఎవరితోనూ కోడలి చదువు ఊసెత్తలేదు.

ఆ ఏడు చివర ఎడమ కాలి చీలమండ పైన చర్మం పగిలి పుండైంది. ఎన్ని కట్లు కట్టినా మానలేదు. ఈఎస్‌ఐ దవాఖానలో డాక్టరు చూసి, నరం తీసెయ్యాల్సిందేనన్నాడు. బల్ల మీది డైరీ తెరిచి, "మీకు ఎప్పుడు వీలవుతుందో చెప్పండమ్మా. ప్రాణం మీదికొచ్చిందేం కాదు, నాలుగు రోజులు ముందూ వెనకా జరుపుకోవచ్చు," అన్నాడు.

ఆగమ్మ ఒక్కసారిగా బల్ల అంచు పట్టుకుంది.

"నన్ను అడగకుండ్రి సార్. మీరే ఒక దినం రాయుండ్రి. రాసినంక జరపకుండ్రి."

డాక్టరు విచిత్రంగా చూశాడు. ఏమనుకున్నాడో, మరేం అడగకుండా జనవరి ఆరు, బుధవారం అని రాసి, ముద్ర వేసి కాగితం చేతికిచ్చాడు.

ఆపరేషన్ అయింది. రెండు నెలలకు ఆగమ్మ మళ్లీ అదే బెల్టు ముందు నిలబడింది. ఎడమ కాలు నయమైంది. ఎండాకాలం వచ్చేసరికి కుడి కాలి నరాలు మరింత తేలాయి.